మా జట్టు కాదని చెప్పు

ఆస్పత్రిలో ఆమెను అందరూ సూదమ్మ అంటారు. పరీక్షలకు వచ్చేవాళ్ళ చేతిలోంచి రక్తం తియ్యడం ఆమె పని. ఆవిడ గుచ్చితే గుచ్చినట్టే తెలియదని పేరు. పక్క కౌంటర్లో గుక్కపట్టి ఏడ్చే పిల్లల్ని "సూదమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి" అని పంపేసేవాళ్ళు. ఆమె మోచేతి మడతలో నరం వెతుక్కుంటూనే, "నీ చెప్పుల్లో ఏది పెద్దది, కుడిదా ఎడమదా?" అని అడిగేది. పిల్లవాడు వంగి చెప్పులకేసి చూసేలోపు పని అయిపోయేది.

ఆ రోజు కూడా ఒక పాప చేతికి రబ్బరు పట్టీ కట్టి ఉండగా ఫోన్ మోగింది. కొడుకు వెళ్ళే బడి నుంచి. బడి అంటే పెద్ద చదువులేం కాదు, వాడికి నాలుగేళ్ళు. బొమ్మలు, పాటలు, మధ్యలో ఓ కునుకు, అంతే.

"కంగారు పడకండి. బాబుని ఇంకో పాప కొరికింది. కాస్త గట్టిగానే కొరికింది. ఒకసారి వస్తే బావుంటుంది" అంది ఆయమ్మ.

కంగారు పడకండి అన్నాక పడకుండా ఉండే తల్లి ఎక్కడుంది? పని పక్కవాళ్ళకి అప్పజెప్పి, తెల్లకోటు విప్పడం కూడా మర్చిపోయి పరిగెత్తింది.

వాడు టీచరు బల్ల మీద కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. అమ్మను చూడగానే ఏడుపు మొహం పెట్టాడు. ముంజేతి మీద రెండు వరసల పళ్ళ గాట్లు. ఒకచోట చర్మం చిట్లి రక్తం పేరుకుంది. రోజూ రక్తంతోనే కాపురం చేసే మనిషికి ఆ చుక్క చూసి కళ్ళు తిరిగాయి.

"ఎవరు కొరికింది?"

వాడు వేలు చూపించాడు. గది మూలలో గోడకు వీపు ఆనించి గుప్పెడంత ఆడపిల్ల నిలబడి ఉంది. బక్కగా, జుట్టు చెదిరి, కళ్ళు నేలకేసి. బడిలో ఆ పిల్లను పిచ్చుక అంటారు. పేరుకి పిచ్చుకే గానీ కిచకిచలేం లేవు. ఆ పిల్లకి మాటలు ఇంకా సరిగ్గా రాలేదు. రెండు మాటలు కలిపితే గొప్ప.

అంతలో పిచ్చుక తండ్రి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతులకు గ్రీజు, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు. కూతురి ముఖం చూశాడు, వాడి చెయ్యి చూశాడు, విషయం అర్థమైంది.

"తప్పయిపోయిందమ్మా. దానికి మాటలు ఆలస్యంగా వస్తున్నాయి. చెప్పలేక అలా..."

"మాటలు రాకపోతే పళ్ళొస్తాయా?" అంది సూదమ్మ. గొంతు తనదేనా అన్నంత కటువుగా వచ్చింది. "మీరు పెంచుతోంది పిల్లనా, కుక్కపిల్లనా?"

అతను కూతుర్ని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల తండ్రి భుజం మీదుగా వెనక్కి చూసింది. సూదమ్మకేసి కాదు, వాడి చేతిలోని బిస్కెట్‌కేసీ కాదు. వాడికేసి.

బడి నడిపే పెద్ద టీచరు తలుపు దగ్గరగా వేసింది. జుట్టు సగం నెరిసిన మనిషి. ఏ మాటైనా తూచి తూచి మాట్లాడుతుంది.

"ఆ పిల్ల ఇక్కడుంటే మావాడు ఉండడు. ఏదో ఒకటి తేల్చండి" అంది సూదమ్మ.

"తేలుస్తాను. ఒక్కటి అడగనా? రేపు ఓ పూట సెలవు పెట్టి రండి. కొత్తగా చేరిన పిల్లల అమ్మల కోసం పక్కగదిలో ఒక అద్దం ఉంది. లోపలి పిల్లలకి మీరు కనపడరు, మీకు వాళ్ళు కనపడతారు, వినపడతారు. చూశాక మీరు ఏం చెయ్యమంటే అదే చేస్తాను."

"చూడాల్సింది నేను కాదు, మీరు. చూడకే ఇంత వరకూ వచ్చింది."

"నిజమే. నేను ఆలస్యంగానే చూశాను. అందుకే రమ్మంటున్నాను" అంది పెద్ద టీచరు.

ఆ మాటలో తిరకాసు ఏదో ఉందని తోచినా, కోపంలో ఉన్న మనిషి చెవికి అది ఎక్కలేదు. దారిలోనే వాడి చెయ్యి ఫోటో తీసి బడి అమ్మల గ్రూపులో పెట్టింది. ఇంటికి చేరేసరికి ఫోన్ తేనెతుట్టె కదిలించినట్టు మోగిపోతోంది. అయ్యో బంగారం, అని కొందరు. ఇవాళ మీవాడు, రేపు మావాడు, అని ఇంకొందరు. అసలు అలాంటి వాళ్ళను చేర్చుకోవడమే తప్పు, ఆ తండ్రి గేటు దగ్గర పలకరిస్తే ఇకనుంచి ఎవరూ మాట్లాడొద్దు, అని ఒకావిడ తీర్మానమే చేసేసింది. సూదమ్మ దాని కింద ఎర్ర గుండె బొమ్మ పెట్టింది.

ఇక్కడ ఆ ఇంటి సంగతి కాస్త చెప్పాలి. మూడు గదుల ఇల్లు. సూదమ్మ, ఆమె భర్త, కొడుకు, అత్తగారు. వీళ్ళు కాక ఆమె తోడికోడలు, అంటే మరిది భార్య. మరిదిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం, ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. చిన్నకోడలు చివరి గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆర్డర్ల మీద కర్టెన్లు కుడుతుంది. వాడికి పిన్ని. మొదట్లో వాడికి పిన్ని ఒళ్ళే ఉయ్యాల.

ఒక రోజు వాడు పిన్ని కత్తెర అందుకుని, మర్నాడు ఇవ్వాల్సిన కర్టెన్ గుడ్డను అడ్డదిడ్డంగా కత్తిరించాడు. ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి బారుడు గుడ్డ పీలికలైంది. కోపం ఆపుకోలేక వాడి చేతి మీద ఒక్కటి వేసింది. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. సూదమ్మ పరిగెత్తుకొచ్చి, "నా బిడ్డ మీద చెయ్యేస్తావా? కన్నావా, పెంచావా?" అంది. పిల్లల్లేని మనిషిని అనకూడని మాట అది. అవతలి మనిషి ముఖం పాలిపోయింది. అత్తగారు పెద్దకోడలి వైపే చేరింది. ఆ రోజు మొదలు ఆ ఇంట్లో చిన్నకోడలితో ఎవరూ మాట్లాడలేదు. సూదమ్మ భర్త మొదట్లో ఇదేం గోల అని సణిగి, తర్వాత ఆడవాళ్ళ గొడవల్లో తలదూరిస్తే తల మిగలదని ఊరుకున్నాడు.

పోట్లాట అయితే నాలుగు రోజుల్లో చల్లారేది. పోట్లాట లేదు కాబట్టే నెలలు గడిచాయి. గట్టిగా ఒక్క మాట లేదు, తిట్టు లేదు, గిన్నె విసిరింది లేదు. ఎవరైనా చూస్తే ఎంత నెమ్మదైన ఇల్లు అనుకునేవారు. మరి ఒకే వంటగదిలో అవసరాలు రావా? వస్తాయి. వాటికి వాడున్నాడు.

"మీ పిన్నికి చెప్పరా, గ్యాస్ అయిపోవచ్చిందని." వాడు చివరి గదికి పరిగెత్తేవాడు. "మీ అమ్మకి చెప్పమ్మా, తెప్పిస్తానని." వెనక్కి పరిగెత్తేవాడు. "అమ్మా, పిన్ని తెప్పిస్తుందట." ముద్దుముద్దుగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. "మా రాయబారి!" అని మురిసిపోయి అత్తగారు బుగ్గ గిల్లేది. సూదమ్మ కూడా నవ్వేది. నలుగురిలో వాడి తెలివి గురించి చెప్పాల్సి వస్తే ఇదే చెప్పేది.

కొరికిన రోజు సాయంత్రం వాణ్ణి సోఫాలో పడుకోబెట్టి సేవలు చేస్తుంటే, చిన్నకోడలు గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతిలో తువ్వాలులో చుట్టిన ఐసుముక్కలు. లోపలికి రాలేదు. అక్కడే నిలబడింది.

"అమ్మా, పిన్ని ఐసు తెచ్చింది. వద్దని చెప్పనా?" అన్నాడు వాడు.

"చెప్పు" అంది సూదమ్మ తల తిప్పకుండా.

"పిన్నీ, వద్దట."

ఆమె వెళ్ళిపోయింది. తువ్వాలులోంచి కారిన నీళ్ళు గుమ్మంలో చుక్కలు చుక్కలుగా మిగిలాయి. వాటిని తుడవడానికి కూడా ఎవరూ లేవలేదు.

మర్నాడు పొద్దున్న సూదమ్మ ఆ అద్దం వెనక చీకటిగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పిచ్చుక ఇంకెవరిని కొరుకుతుందో కళ్ళారా చూసి, ఆ టీచరు నోరు మూయించాలని ఆమె పంతం. అందుకే మొదట ఆ పిల్లనే చూసింది.

పిచ్చుక బొమ్మ గిన్నెల దగ్గర కూర్చుని ఎర్రటి ప్లాస్టిక్ కప్పులోకి లేని నీళ్ళు ఒంపింది. జాగ్రత్తగా, తొణక్కుండా. రెండు చేతులతో పట్టుకుని లేచి, అడుగులో అడుగు వేసుకుంటూ కొయ్యదిమ్మెలతో ఇల్లు కడుతున్న జట్టు దగ్గరికి వెళ్ళింది. ఆ జట్టుకు పెద్ద వాడే. సూదమ్మ కొడుకే. పిచ్చుక కప్పు వాడికి అందించింది.

వాడు కప్పు తీసుకున్నాడు. ఆ పిల్ల ముఖం చూడలేదు. కప్పును పక్కనున్న బొద్దు పిల్లాడికి ఇచ్చి, మెత్తగా అన్నాడు:

"దానికి చెప్పు, మనం అందరం తాగేశామని."

సూదమ్మ కుర్చీని అద్దం దగ్గరికి జరుపుకుంది.

బొద్దు పిల్లాడు పిచ్చుకతో, "తాగేశాం" అన్నాడు. ఆ పిల్లకి అర్థం కాలేదు. చెయ్యి చాచి కప్పు అడిగింది. సూదమ్మ కొడుకు ఇంకో పాపకేసి తిరిగాడు. "దానికి చెప్పు, కప్పు మాదని. అది మా జట్టు కాదని చెప్పు." ఆ పాప వెళ్ళి చెప్పింది. పిచ్చుక వాడి భుజం తట్టింది. వాడు కదల్లేదు. మళ్ళీ తట్టింది. దిమ్మె మీద దిమ్మె పెడుతున్నాడు, ఈగ వాలినంత కూడా పట్టించుకోలేదు. గొంతు హెచ్చించలేదు. చెయ్యి ఎత్తలేదు. పెదవి కొసన మాత్రం చిన్న వంపు. అది ఎక్కడో చూసినట్టుందే అనుకుంది సూదమ్మ. మరుక్షణం గుర్తుపట్టి కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడింది. అది అచ్చం వాళ్ళ నానమ్మ పెదవి విరుపు. మెడ తిప్పుకునే తీరు తనది.

"ఎందుకు దానితో మాట్లాడకూడదు?" అని అడిగాడు బొద్దు పిల్లాడు. పాపం, వాడికి విసుగొచ్చినట్టుంది.

"అంతే. మేం మా పిన్నితో కూడా మాట్లాడం" అన్నాడు వాడు. "మాట్లాడకపోతే పిన్ని బాత్రూంలోకి వెళ్ళి ఏడుస్తుంది. నేను తలుపు దగ్గర విన్నా. ఏడిస్తే మనం గెలిచినట్టు."

అద్దం ఇవతల సూదమ్మ గడిచిన రోజులన్నీ వెనక్కి వెతుక్కుంది. పిన్ని ఏడుస్తుందా? ఎప్పుడు? వీడు తలుపు దగ్గర ఎప్పుడు నిలబడ్డాడు? తన కడుపున పుట్టిన, రాత్రిళ్ళు తన జడ పట్టుకుంటే గానీ నిద్రపోని పసివాడు, ఒక మనిషి ఏడుపు విని లెక్క కట్టుకున్నాడు. దాన్ని గెలుపు ఖాతాలో వేసుకున్నాడు.

లోపల పిచ్చుక చుట్టూ తిరిగి వాడి ఎదురుగా వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, తన ముఖం తెచ్చి వాడి ముఖానికి ఎదురుగా పెట్టింది. ఇప్పుడెలా చూడవో చూస్తానన్నట్టు. వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మిగతా పిల్లలు పకపకా నవ్వి వాళ్ళూ మూసుకున్నారు. చుట్టూ అందరూ కళ్ళు మూసుకున్న పిల్లలు, మధ్యలో ఆ పిల్ల ఒక్కతే కళ్ళు తెరుచుకుని. దాని గొంతులోంచి "నే... నే..." అని ఏదో వచ్చింది. మాట కాలేదు. ముఖం ఎర్రబడింది. పెదాలు వణికాయి. నోరు తెరిచింది.

పెద్ద టీచరు అప్పటికే అక్కడుంది. చెయ్యి అడ్డం పెట్టి, పిల్లను ఒళ్ళోకి తీసుకుని, "చెప్పమ్మా. నే-ను. నేను ఉన్నాను అని చెప్పు" అంటోంది.

ఆ పిల్ల నోరు తెరిచిన క్షణంలో, ఇంకెవరైనా ఏం చేస్తారు, నేనైనా అదే చేద్దును అనిపించింది సూదమ్మకి. ఆ ఆలోచన వచ్చినందుకు మరింత బెదిరిపోయింది.

తర్వాత పెద్ద టీచరు చీకటిగదిలోకి మంచినీళ్ళు తెచ్చింది.

"ఎన్నాళ్ళుగా ఇది?" అని అడిగింది సూదమ్మ.

"చాలా రోజులుగానే. కొట్టేవాణ్ణి, కొరికేవాణ్ణి మేం ఇట్టే పట్టుకుంటాం, కంటికి కనపడుతుంది కాబట్టి. ఇది పట్టుకోవడానికి నాకే చాన్నాళ్ళు పట్టింది. మీ బాబు అల్లరి చెయ్యడు, అన్నీ అడిగి తీసుకుంటాడు, అందరికన్నా మంచి పిల్లాడని వాడి రిపోర్టులో నేనే రాశాను."

"నిన్ననే చెప్పొచ్చుగా!"

"నిన్న చెబితే నమ్మేవారా?"

నమ్మేది కాదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"వాడు... వాడు చెడ్డవాడా, మేడమ్?"

"నాలుగేళ్ళకి చెడ్డా మంచీ ఏముంటాయమ్మా? ఎక్కడో చూశాడు, ఇక్కడ చేసి చూశాడు, పనిచేసింది. పనిచేసిన దాన్ని ఎవరైనా వదులుతారా? మానిపించాలంటే అది పనిచెయ్యకుండా పోవాలి. ఇక్కడ నేను చూసుకుంటాను." ఆ తర్వాత ఇంటి గురించి ఒక్క మాట కూడా అడగలేదు. అడిగి ఉంటే సూదమ్మకి కాస్త తేలికయ్యేదేమో.

సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా చివరి గది గుమ్మంలో నిలబడింది. కుట్టుమిషను గడగడా తిరుగుతోంది. వాడు వెనకే వచ్చాడు, మోయాల్సిన కబురేదో ఉందనుకున్నాడు కాబోలు.

"అమ్మాయ్" అంది సూదమ్మ.

మిషను ఆగింది. చిన్నకోడలు తలెత్తి చూసి, తర్వాత తన వెనక్కి చూసింది. పిలిచింది తననేనా, కిటికీ అవతల ఇంకెవరైనా ఉన్నారా అని. వెనక గోడ తప్ప ఏముంది?

"నిన్నే. నీతో మాట్లాడాలి."

చిన్నకోడలు కంగారుగా వాడికేసి తిరిగింది. "మీ అమ్మకి చెప్పమ్మా, ఏం కావాలో..." అంది. సగంలో ఆగి, తను ఏమన్నదో తనకే వినపడి, చేత్తో నోరు మూసుకుంది.

సూదమ్మ వెళ్ళి గుడ్డల కుప్ప పక్కన నేల మీద కూర్చుంది. బడిలో చూసిందంతా చెప్పింది. కప్పు, జట్టు, మూసుకున్న కళ్ళు. బాత్రూం సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆగాలనిపించింది. అయినా చెప్పింది.

"పంపు తిప్పి ఏడ్చేదాన్నక్కా" అంది చిన్నకోడలు. "నీళ్ళ చప్పుడులో వినపడదనుకున్నా."

"వాడు విన్నాడు."

ఆమె వాడికేసి చూసింది. ఒళ్ళో ఆడించిన బిడ్డను మొదటిసారి చూస్తున్నట్టు, కాస్త భయంగా చూసింది.

"ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టింది సూదమ్మ.

"వద్దక్కా. ఆ మాట మళ్ళీ అనొద్దు. క్షమించమని అడగడానికైనా సరే, నా ముందు ఆ మాట ఎత్తొద్దు."

ఇదంతా చూస్తున్న వాడికి ఒళ్ళు మండిపోయింది. "నువ్వు చెప్పకూడదు! నేను చెప్పాలి! పిన్ని మన జట్టు కాదు!" అని అరుస్తూ వచ్చి తల్లి తొడ మీద కాలితో తన్నాడు. నోట్లో వేలు పెడితే కొరకలేడనుకున్న పిల్లాడు, పుట్టిన తర్వాత మొదటిసారి తల్లిని తన్నాడు. సూదమ్మ నొప్పికి కాదు, ఆశ్చర్యానికి బిగుసుకుపోయింది. వాడు ఏడుస్తూ నానమ్మ దగ్గరికి పరిగెత్తాడు. కాసేపటికి అక్కణ్ణుంచి తీర్పు వినపడింది: "నానమ్మా, అమ్మకి చెప్పు, అమ్మతో నాకు జట్టు లేదని."

అత్తగారికీ కోపంగానే ఉంది. పెద్దకోడలు తనతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళి చిన్నకోడలి దగ్గర కూలబడటం ఆవిడకి మొహం మీద కొట్టినట్టయింది. "విన్నావుగా" అని మాత్రం అని, మెడ అటు తిప్పుకుంది.

అప్పుడు మొదలైంది సూదమ్మకి అసలు పాఠం. పొద్దున్నే షూ పట్టుకుని నిలబడి, "నానమ్మా, అమ్మకి చెప్పు, లేసు కట్టమని" అంటాడు. ఆమె వంగి, "నాకే చెప్పు నాన్నా, కడతాను" అంటుంది. కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. కన్నకొడుకు రెండడుగుల దూరంలో కళ్ళు మూసుకుని నిలబడితే ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. గోడకి తల కొట్టుకోవాలనిపించింది. రెండు చేతులతో పట్టుకుని కుదపాలనిపించింది. ఆస్పత్రిలో రబ్బరు పట్టీ కడుతూ, చెప్పుల ప్రశ్న అడగడం మర్చిపోయింది. ఒక పిల్లాడు కెవ్వుమన్నాడు. సూదమ్మ చేతిలో పిల్లాడు ఏడవడం అక్కడివాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

అయినా మధ్యవర్తి ద్వారా వచ్చిన ఏ కబురుకీ ఆమె జవాబివ్వలేదు. లేసు ఊడిపోయిన షూతోనే వాడు బడికెళ్ళాడు.

వాడి పంతం కన్నా ముందు అత్తగారి పంతం విరిగింది, అదీ వాడి చేతుల్లోనే. ఒక సాయంత్రం ఆవిడ ఫోన్ అడిగాడు. కళ్ళు పాడవుతాయి, ఇవ్వనంది. వాడు ఏడవలేదు. గది మధ్యలో నిలబడి, తండ్రి వింటుండగా, పిన్ని వింటుండగా, ప్రశాంతంగా అన్నాడు: "ఇవాళ్టి నుంచి నానమ్మతో ఎవరూ మాట్లాడకండి."

ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు. వాడి ముఖంలో తన పెదవి విరుపు తనకే కనపడిందేమో, మంచం అంచు మీద చతికిలబడి, "వీడికి... వీడికి ఇదెవరు నేర్పారే?" అంది. ఎవరూ చెప్పే అవసరం లేకపోయింది. చివరికి ఆవిడ చిన్నకోడలి గది వైపు చూడకుండానే, "మంచినీళ్ళు కాసిని ఇవ్వమ్మాయ్" అంది. చిన్నకోడలు గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. అంతే. ఆ ఇంట్లో సంధి అంటే అదే.

ఇంట్లో ఇలా ఉండగా బడిలో ఇంకో పిడుగు పడింది. పిచ్చుక రావడం మానేసింది.

"వాళ్ళ నాన్న మాన్పించేశాడమ్మా" అంది పెద్ద టీచరు. "గేటు దగ్గర ఎవరూ అతనితో మాట్లాడటం లేదట. పలకరిస్తే మొహం తిప్పుకుంటున్నారట."

సూదమ్మ ఫోన్ తీసి గ్రూపులో వెనక్కి వెనక్కి వెళ్ళింది. ఎవరూ మాట్లాడొద్దన్న ఆ మాట, దాని కింద తను పెట్టిన ఎర్ర గుండె అలాగే ఉన్నాయి. కొడుకు నాలుగు దిమ్మెల మధ్య చేసింది, తను ఊరంత అమ్మల మధ్య చేసింది. అక్కడే నిలబడి జరిగిందంతా రాసి గ్రూపులో పెట్టింది. కొరికిన పిల్ల తప్పు ఎంతో, మా వాడిది అంతకన్నా ఎక్కువని, ఆ ఫోటో పెట్టడం తన తప్పని. మొన్న మోతెక్కిపోయిన గ్రూపు ఇప్పుడు గప్‌చుప్. ఒక్కరంటే ఒక్కరు జవాబివ్వలేదు. మర్నాడు గేటు దగ్గర ఇద్దరు ఆమెను చూసి మాట ఆపేశారు.

మెకానిక్కు ఓ పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు బాగుచేస్తుంటే అక్కడికే వెళ్ళింది. తెరిచిన లిఫ్టు తలుపుల మధ్య, గుంతలోంచి నడుము దాకా పైకి కనపడుతున్నాడు. ఆమెను గుర్తుపట్టాడు. టార్చి ఆర్పలేదు.

"మీ పాపని మళ్ళీ పంపండి. తప్పు మావాడిది. నాది" అంది.

"అలాగా?" అన్నాడు. "ఆ రోజు ఫోటో తీశారుగా. ఇప్పుడిది కూడా తీసి పెట్టండి."

"రాశాను. అందరికీ చెప్పాను."

"మీరు రాశారు, బానే ఉంది. మా పాప ఇంట్లో కళ్ళు మూసుకుని కూర్చుంటోంది, తెలుసా? అన్నం తినమంటే కళ్ళు మూసుకుంటోంది. ఎందుకో మాకు అర్థం కాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కుక్కపిల్ల అన్నారుగా. కుక్కపిల్లకి కూడా ఇలా ఉండదమ్మా."

సూదమ్మ ఏడ్చింది. అతను ఓదార్చలేదు. ఓదార్చాల్సిన పని అతనిది కాదు. అంతలో పైనుంచి ఎవరో, "లిఫ్టు ఎప్పటికవుతుంది?" అని కేకేశారు.

"పెద్ద టీచరుతో మాట్లాడి చూస్తాను. మాటివ్వను" అని అతను మళ్ళీ గుంతలోకి దిగాడు.

పిచ్చుక ఆ వారం రాలేదు. పైవారం వచ్చింది. తండ్రితో పాటు తల్లి కూడా వచ్చి రోజంతా అద్దం వెనక కూర్చుంది. పెద్ద టీచరు పిచ్చుకనూ వాడినీ ఒకే పనిలో పెట్టింది. ఇసుకలో పోసే నీళ్ళ తొట్టిని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మోసుకురావాలి. "పట్టుకో", "ఆగు", "దించు" అని ఒకరికొకరు నోటితో చెప్పుకోవాలి, ఇంకొకరితో చెప్పించకూడదు. మొదటి రోజు వాడు చెప్పలేదు, తొట్టి తిరగబడి ఇద్దరూ తడిసిపోయారు. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు ఆ పిల్లే "ఆ-గు" అంది. వాడు అదిరిపడి ఆగిపోయాడు. పిచ్చుకకి గొంతు ఉంటుందని వాడికి తెలియదు మరి.

అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధమవుతుంది. పిచ్చుక మధ్యలో ఇంకొకర్ని కొరికింది, ఈసారి బొద్దు పిల్లాణ్ణి, అదీ ఉత్తపుణ్యానికి. సూదమ్మ కొడుకు కూడా ఒకటి రెండుసార్లు పాత ఆట మొదలుపెట్టబోయాడు, జట్టు కలవలేదు. తల్లితో మాత్రం ఒక పొద్దున్న వాడంతట వాడే, "లేసు కట్టు" అన్నాడు, ముఖం ఎటో పెట్టుకుని. ఆమె కట్టింది. తొందరలో ముడి సరిగ్గా పడలేదు.

చిన్నకోడలు, మరిది వేరే ఇల్లు చూసుకున్నారు. కోపంతో కాదు, అనే చెప్పారు. సామాను సర్దేటప్పుడు సూదమ్మ సాయం చేసింది. ఇద్దరూ మాట్లాడుకున్నారు, అవసరమైనంత వరకు. కుట్టుమిషను బండిలోకి ఎక్కిస్తుంటే వాడు వచ్చి పిన్ని చీర కొంగు పట్టుకున్నాడు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పంపలేదు.

"పిన్నీ, నీకు అక్కడ ఎవరు చెప్తారు? గ్యాస్ అయిపోయిందని?"

ఆమె వంగి వాడి కళ్ళలోకి చూసింది. వాడి నెత్తి మీద చెయ్యి వేసి తీసేసింది. బండి కదిలింది. వాడు చెయ్యి ఊపాడు. ఆమె వెనక్కి తిరిగి చూసిందో లేదో, బండి మీద పరదా ఉంది కాబట్టి, ఇటు నిలబడ్డ వాళ్ళకి తెలియలేదు.